వెండా, బంగారమా, రాగా? లోహ నానోకణాల పొరను ఎంచుకునే ముందు

తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే, థిన్ ఫిల్మ్‌ల (గాజు వంటి పలక మీద వేసే అతి పలుచని పొరల) వైపు మొగ్గే విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "సార్, వెండితో చేయమంటారా, బంగారంతో చేయమంటారా?" ప్రశ్న తప్పు కాదు గానీ దాని వరుస తప్పు. ఆ పొరతో ఏం కొలవబోతున్నారు, అందుకు ఏ తరంగదైర్ఘ్యం కావాలి అన్నది ముందు తేలాలి. కణాల చుట్టూ ఏ పదార్థం ఉండబోతోంది అన్నది ఆ తర్వాత. ఏ లోహం అన్నది మూడో ప్రశ్న. మొదటి రెండూ తేలితే మూడోదానికి జవాబు చాలావరకు దానంతట అదే వచ్చేస్తుంది.

తిరుమల ఆనందనిలయం మీది బంగారు తాపడం పచ్చగా మెరుస్తుంది. అదే బంగారాన్ని పది ఇరవై నానోమీటర్ల కణాలుగా చేసి గాజులో పొదిగితే, దాని గుండా వచ్చే వెలుగు కెంపు రంగులో ఉంటుంది. కణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ కాంతి విద్యుత్ క్షేత్రానికి లోనై కలిసికట్టుగా ఊగుతాయి. ఒకానొక పౌనఃపున్యం దగ్గర ఆ ఊపు తారస్థాయికి చేరి, ఆ రంగు కాంతిని కణం బలంగా మింగేస్తుంది. దీనినే ఉపరితల ప్లాస్మాన్ అనునాదం అంటారు. చిన్న గోళాకార కణం విషయంలో, లోహపు పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే అంకె) లోని వాస్తవ భాగం చుట్టూ ఉన్న పదార్థపు పర్మిటివిటీకి మైనస్ రెండు రెట్లయిన చోట ఈ శోషణ శిఖరం వస్తుంది. కెంపు రంగు బంగారానిది మాత్రమే కాదు, బంగారమూ దాని పరిసరాలూ కలిసి ఇచ్చినది. పరిసరం మారిస్తే శిఖరం జరుగుతుంది.

ఈ లెక్కకు పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. జాన్సన్, క్రిస్టీ 1972లో ప్రచురించిన రాగి, వెండి, బంగారాల ఆప్టికల్ స్థిరాంకాల పట్టిక దగ్గర పెట్టుకుంటే, ఏ లోహం ఏ మాధ్యమంలో ఎక్కడ శిఖరం ఇస్తుందో కాగితం మీదే అంచనా వేయవచ్చు. రసాయనాలకు ఆర్డరు పెట్టకముందే ఒక సాయంత్రం ఈ పనికి కేటాయించండి.

మూడు లోహాలు, మూడు స్వభావాలు

చిన్న వెండి కణాలు నీటిలోనూ, పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) వంటి పాలిమర్‌లోనూ, సిలికాలోనూ 400 నానోమీటర్ల చుట్టుపక్కల శిఖరం ఇస్తాయి. పొర పసుపు రంగులో కనిపిస్తుంది. మూడు లోహాల్లోనూ సన్నగా, ఎత్తుగా ఉండే శిఖరం వెండిదే. దానికి కారణం ఉంది. లోహంలోని లోపలి శక్తి పట్టీ నుంచి ఎలక్ట్రాన్లు పైకి దూకే పట్టీల మధ్య శోషణ వెండిలో దాదాపు 4 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అంటే అతినీలలోహిత ప్రాంతంలో మొదలవుతుంది. ప్లాస్మాన్ శిఖరానికి అది దూరంగా ఉండిపోతుంది కాబట్టి అడ్డు రాదు.

బంగారంలో ఆ శోషణ 2.4 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే మొదలవుతుంది. శిఖరం పడేది 520 నానోమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా ఆ గట్టు మీదే. అందుకే బంగారు శిఖరానికి నీలం వైపు చివర ఎప్పటికీ సున్నాకు దిగదు, ఒక మెట్టులా నిలిచిపోతుంది. శిఖరపు వెడల్పు కొలిచేటప్పుడు ఈ మెట్టును తీసివేయకుండా, కనిపించిన వక్రరేఖకు నేరుగా లొరెంట్జియన్ (ఒకే శిఖరం ఉండే ప్రామాణిక వక్రరేఖ) అతికించి కణ పరిమాణం రాసేస్తే, ఆ అంకెకు విలువ ఉండదు.

రాగి సంగతి ఇంకా ఇబ్బంది. 560 నుంచి 580 నానోమీటర్ల మధ్య శిఖరం రావాలి. పట్టీల మధ్య శోషణ 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే మొదలై ఆ శిఖరాన్ని సగం మింగేస్తుంది. పైగా గాలి తగిలితే కణం చుట్టూ క్యుప్రస్ ఆక్సైడ్ తొడుగు ఏర్పడుతుంది. దాని వక్రీభవన గుణకం ఎక్కువ కాబట్టి శిఖరం 600 దాటి జరిగి, చదునై, చివరకు కనిపించకుండా పోతుంది. చవక అని రాగిని ఎంచుకునేవారికి నా సలహా సూటిగా ఒకటే: ఆక్సీకరణమే మీ అధ్యయన విషయమైతే రాగిని తీసుకోండి, కాకపోతే వద్దు.

అల్యూమినియం గురించి ఒక్క మాట. చిన్న కణాలైతే దాని శిఖరం అతినీలలోహితంలో పడుతుంది. రెండు నుంచి నాలుగు నానోమీటర్ల ఆక్సైడ్ పొర తనంతట తానే ఏర్పడి, అక్కడితో ఆగిపోయి కణాన్ని కాపాడుతుంది. అయితే మామూలు మైక్రోస్కోపు స్లైడు గాజు 320 నానోమీటర్ల కింద కాంతిని దాదాపుగా పోనివ్వదు. క్వార్ట్జ్ పలకలు లేనిదే అల్యూమినియం జోలికి వెళ్లకండి.

"బంగారం ఖరీదు కదా" అనే భయం

ఈ భయానికి లెక్క చెప్పాలి. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 75 మిల్లీమీటర్ల పొడవున్న స్లైడు మీద 5 నానోమీటర్ల మందం బంగారం పూస్తే, దాని బరువు 0.2 మిల్లీగ్రాముకు కూడా తక్కువే. బాష్పీభవనంలో (వాక్యూమ్‌లో లోహాన్ని ఆవిరి చేసి పూసే పద్ధతిలో) చాలా లోహం ఛాంబరు గోడలకు అంటుకుని వృథా అవుతుంది, నిజమే. అయినా ఒక చిన్న తీగ ముక్కతో చాలా నమూనాలు అవుతాయి. ఖర్చు నిజంగా ముంచేది స్పటరింగ్ టార్గెట్ (అయాన్లతో కొట్టి లోహాన్ని రాల్చే యంత్రంలో పెట్టే లోహపు బిళ్ల) కొనవలసి వచ్చినప్పుడు. రసాయన మార్గంలో అయితే క్లోరోఆరిక్ ఆమ్లం ట్రైహైడ్రేట్ బరువులో సగం బంగారమే కాబట్టి, గ్రాము సీసా ధర చూసి గుండె ఝల్లుమనడం సహజం. వెండి నైట్రేట్‌లో వెండి 63.5 శాతం ఉన్నా దాని ధర విద్యార్థికి అందుబాటులోనే ఉంటుంది.

ఊళ్లో నగల దుకాణాలకు కొదవ లేదు కదా అని అక్కడి తీగ ముక్క తెచ్చుకునే ఆలోచన చాలామందికి వస్తుంది. 22 క్యారెట్ల బంగారంలో ఎనిమిది శాతానికి పైగా వెండి, రాగి కలిసి ఉంటాయి. ఆవిరి చేసేటప్పుడు అవి బంగారం కంటే ముందే లేస్తాయి కాబట్టి పొరలో వాటి పాలు ఎంతన్నది మీ చేతిలో ఉండదు. బంగారం-వెండి మిశ్రమ కణాల శిఖరం, ఆ రెండింటి పాళ్లను బట్టి 400కూ 520కీ మధ్య ఎక్కడైనా పడవచ్చు. స్వచ్ఛత ధ్రువపత్రం ఉన్న 24 క్యారెట్ల బంగారమే తీసుకోండి.

కణాల చుట్టూ ఏముండాలి

ఎంపికలో అసలు బరువు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సిలికా వక్రీభవన గుణకం 1.46, పీవీఏది సుమారు 1.5, టైటానియం డయాక్సైడ్‌ది 2.4 దాటుతుంది. బంగారు కణాలను సిలికాలో ఉంచితే శిఖరం 530 దగ్గర ఉంటుంది. టైటానియాలో ఉంచితే 600 దాటిపోతుంది, పొర నీలంగా కనిపిస్తుంది. వెండి కూడా అంతే: సిలికాలో 400 దగ్గరున్నది టైటానియాలో 500 దాటుతుంది. దాదాపు లోహం మార్చినంత జరుగుబాటు మాధ్యమం మార్చినా వస్తోంది.

పీవీఏలో వెండి తిరుపతి కళాశాలలకు అందుబాటులో ఉండే మార్గం. వాక్యూమ్ అక్కర్లేదు. పీవీఏను 80, 90 డిగ్రీల నీటిలో కలియబెట్టి కరిగించి, వెండి నైట్రేట్ కలిపి, గాజు మీద పోసి ఆరబెట్టి, నూరు డిగ్రీలు దాటించి వేడిచేస్తే పాలిమరే వెండి అయాన్లను క్షయకరణం చేస్తుంది. పొర పసుపు తిరుగుతుంది. కుళాయి నీళ్లు మాత్రం వాడకండి. అందులోని క్లోరైడు వెండిని పట్టుకుని తెల్లటి తెట్టుగా దింపేస్తుంది.

ఈ మార్గంలో రెండు ఉచ్చులున్నాయి. పీవీఏను ఎక్కువ వేడిచేస్తే వెండి లేకుండానే అది పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది. పాలిమర్ గొలుసు నుంచి నీరు పోయి ద్విబంధాల వరుసలు ఏర్పడడమే దీనికి కారణం. మీరు చూస్తున్న పసుపు వెండిదా, మాడిన పాలిమర్‌దా? వెండి లేని పీవీఏ పొరను అదే పొయ్యిలో అంతే సేపు ఉంచి పక్కన పెట్టి కొలిస్తే తప్ప తెలియదు. రెండో ఉచ్చు తేమ. పీవీఏ నీటిని ఇష్టంగా పీల్చుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో కొలిచిన పొర మందం, వక్రీభవన గుణకం ఏప్రిల్‌లో కొలిచినవాటితో కలవకపోతే ఆశ్చర్యపడనక్కర్లేదు. సిలికా జెల్ పెట్టిన డెసికేటర్‌లో ఉంచి, తీసిన వెంటనే కొలవండి.

సోల్-జెల్ సిలికా (ద్రావణాన్ని పూసి, జెల్‌గా మార్చి గట్టిపరిచేది) తేమకు ఇంతగా చలించదు, వేడికీ తట్టుకుంటుంది. ఒకేసారి మందంగా పూస్తే ఆరేటప్పుడు పగుళ్లు తేలుతుంది కాబట్టి పలుచగా పలుమార్లు పూయాలి. ఓపిక ఉన్నవారికి పీవీఏ కంటే ఇదే మేలు. ఎందుకంటే దీని ఫలితాలు ఆరు నెలల తర్వాత కూడా నిలుస్తాయి.

ఎంత లోహం కలపాలి అన్న దగ్గర చాలామంది అత్యాశకు పోతారు. కణాలు దూరదూరంగా ఉన్నంత కాలం మాక్స్‌వెల్ గార్నెట్ 1904లో ఇచ్చిన సూత్రం (కణాలూ మాధ్యమమూ కలిసిన పొర మొత్తానికి పర్మిటివిటీని ఇచ్చేది) చక్కగా పనిచేస్తుంది. (ఈయన విద్యుదయస్కాంత సమీకరణాల మాక్స్‌వెల్ కాదు. వైవాలో ఈ తడబాటు వద్దు.) లోహం పాలు పెరిగే కొద్దీ శిఖరం ఎరుపు వైపు జరిగి వెడల్పవుతుంది. కణాలు ఒకదానికొకటి తమ వ్యాసం కంటే దగ్గరైతే జంటలుగా, గుంపులుగా ప్రవర్తిస్తాయి. అక్కడ ఆ సూత్రాన్ని నమ్మకూడదు. 1935 నాటి బ్రుగ్‌మన్ సూత్రం వాడినా, అది గోళాకార కణాలకు మూడో వంతు పాలు దగ్గరే పొర విద్యుత్ వాహకమవుతుందని ఒక తీర్పు ఇచ్చేస్తుంది. నిజమైన పొరలు ఆ తీర్పుకు కట్టుబడవు. ప్రాజెక్టుకు కొన్ని శాతాల లోపు పాళ్లే మంచివి: లెక్కా కుదురుతుంది, శిఖరమూ కుదురుగా ఉంటుంది.

వాక్యూమ్ దొరికితే

థిన్ ఫిల్మ్ పరిశోధనకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో దశాబ్దాల చరిత్ర ఉంది. 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ రెండూ ఏర్పేడు వైపే ఉన్నాయి. కాబట్టి బాష్పీభవన యంత్రం మీద ఒక రోజు సంపాదించడం మరీ గగనం కాదు. అది దొరికితే నేను సూచించేది బంగారు ద్వీపాల పొర. 5 నానోమీటర్ల బంగారం గాజు మీద నిరంతరమైన పొరగా పరుచుకోదు, తునకలు తునకలుగా కూర్చుంటుంది. యంత్రం నుంచి తీసినప్పుడు పొర నీలంగా ఉంటుంది. 300 డిగ్రీల చుట్టుపక్కల కొంతసేపు వేడిచేస్తే తునకలు గుండ్రటి కణాలుగా ముడుచుకుని పొర గులాబీ రంగుకు మారుతుంది. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. అయినా ఇంత తక్కువ వేడికే పరమాణువులు ఉపరితలం మీద కదిలి ఆకారం మార్చుకుంటాయి. బంగారు రేకును వేడిచేస్తే దాని గుండా కనిపించే ఆకుపచ్చ రంగు పోతుందని ఫారడే 1857లోనే గమనించాడు.

యంత్రం దగ్గరుండే సహాయకులు మంచి మనసుతో ఒక సలహా ఇస్తారు: బంగారం గాజుకు సరిగా అంటదు, కింద రెండు మూడు నానోమీటర్ల క్రోమియం వేద్దామని. విద్యుత్ సంధానాలకు అది సరైన పద్ధతే. ఇక్కడ మాత్రం గట్టిగా వద్దనండి. క్రోమియం ప్లాస్మాన్ ఊపును అణచివేసి శిఖరాన్ని వెడల్పు చేస్తుంది, పైగా బంగారం గుండ్రంగా ముడుచుకోకుండా పట్టి ఉంచుతుంది. ఇంకొకటి: క్వార్ట్జ్ క్రిస్టల్ మానిటర్ చూపించే 5 నానోమీటర్లు నిజమైన ఎత్తు కాదు. అంత బరువు లోహం సమంగా పరుచుకుంటే ఉండే మందం మాత్రమే. వేడి తర్వాత ద్వీపాల ఎత్తు దానికి అనేక రెట్లుండవచ్చు. థీసిస్‌లో "మందం" అని ఊరికే రాయకుండా "తుల్య ద్రవ్యరాశి మందం" అని రాయండి.

ఇదే పని వెండితో ఇంకా తక్కువ వేడికే అవుతుంది, శిఖరమూ పదునుగా వస్తుంది. కానీ బయటికి తెరుచుకుని ఉన్న వెండి ద్వీపాలు పూజ గదిలోని వెండి కుందిలాగే నల్లబడతాయి. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్‌తో వెండి సల్ఫైడ్ ఏర్పడి శిఖరం ఎరుపు వైపు జరిగి నీరసిస్తుంది. నమూనాల డబ్బాకు రబ్బరు బ్యాండు వేసే అలవాటు మానండి. రబ్బరులో గంధకం ఉంటుంది. వెండి పొరను చేసిన వారంలోనే కొలవగలిగితే వెండి, డిసెంబరులో చేసి మే నెలలో మళ్లీ చూపించాలంటే బంగారం. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య అసలు విభజన రేఖ ధర కాదు, ఇదే.

ఏ పనికి ఏది

రామన్ సంకేతాన్ని (అణువుల నుంచి రంగు మారి చెదిరి వచ్చే లేజర్ కాంతిని) పెంచే పొర కావాలంటే మీకు దొరికే లేజర్‌ను బట్టి నిర్ణయించండి. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరైతే వెండి. ఆ తరంగదైర్ఘ్యంలో బంగారం కాంతిని మింగేస్తుంది తప్ప తిరిగి ఇచ్చేది తక్కువ. 633 లేదా 785 అయితే బంగారం హాయిగా పనిచేస్తుంది. కణాల మధ్య సందులే ఇక్కడ బలం కాబట్టి, దూరదూరంగా పొదిగిన పీవీఏ పొర పనికిరాదు, ఒత్తుగా ఉన్న ద్వీపాల పొర కావాలి.

చక్కెర ద్రావణం గాఢతను శిఖరం జరుగుబాటుతో కొలిచే సెన్సర్ ఆలోచన బాగుంటుంది, చౌకగానూ అవుతుంది. అందుకు బంగారు ద్వీపాలే సరి, అవి ద్రవానికి తగలాలి కూడా. సిలికాలోనో పాలిమర్‌లోనో మూసేసిన కణానికి బయట ఏముందో తెలియదు. ఈ చిన్న తర్కం మరిచి, అందంగా పొదిగిన పొరను ద్రావణంలో ముంచి "జరుగుబాటు లేదు" అని రాసిన ప్రాజెక్టులు ఉన్నాయి.

మాక్స్‌వెల్ గార్నెట్ లెక్కను ప్రయోగంతో పోల్చడమే లక్ష్యమైతే సోల్-జెల్ సిలికాలో తక్కువ పాళ్ల వెండి. అంతకన్నా శుభ్రమైన వ్యవస్థ పీజీ స్థాయిలో దొరకదు.

ఇక తిరుపతి మే నెల ఎండను చూసి చాలామందికి వచ్చే ఆలోచన, కిటికీ అద్దం మీద వేడిని ఆపే నానోకణాల పొర. గుండ్రటి వెండి కణాలు ఆ పనికి సరిపోవు. అవి ఆపేది నీలం కాంతిని. ఎండ వేడిలో పెద్ద పాలు మోసే సమీప పరారుణం వాటి గుండా నిరాటంకంగా లోపలికి వస్తుంది, మీకు మిగిలేది పసుపు రంగు గది. మార్కెట్‌లో వేడిని ఆపే అద్దాల్లో ఉండే వెండి కణాలుగా కాదు, ఆక్సైడ్ పొరల మధ్య పది పదిహేను నానోమీటర్ల నిరంతర పొరగా ఉంటుంది. అది వేరే భౌతికశాస్త్రం. కణాలతోనే చేయాలంటే పరారుణంలో శోషించే ఇండియం టిన్ ఆక్సైడ్ వంటివి చూడాలి.

కొలిచేటప్పుడు

యూవీ-విజిబుల్ స్పెక్ట్రోమీటర్ "శోషణ" అని రాసి చూపించేది నిజానికి శోషణ, పరిక్షేపణం, పరావర్తనం కలిసిన మొత్తం నష్టం. కణం వ్యాసం రెట్టింపయితే శోషణ ఎనిమిది రెట్లు పెరుగుతుంది, పరిక్షేపణం అరవై నాలుగు రెట్లు. ఇరవై నానోమీటర్ల కణాల దగ్గర పరిక్షేపణాన్ని పక్కన పెట్టవచ్చు. ఎనభై దగ్గర పెట్టలేరు, ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (చెదిరిన కాంతినంతా పోగుచేసే గోళం) ఉన్న యంత్రం వెతుక్కోవాలి. పొర పారదర్శకత మాత్రమే కొలిచి, పరావర్తనం కొలవకుండా శోషణ గుణకం రాయడం ద్వీపాల పొరల్లో మరీ ప్రమాదం. అవి చెప్పుకోదగినంత కాంతిని వెనక్కి కొడతాయి. శోషణాంకం మూడు దాటిన చోట యంత్రం లోపలి చెదురు కాంతే రాజ్యమేలుతుంది. శిఖరం పైభాగం చదునుగా కనిపిస్తే అది కొత్త ఆవిష్కరణ కాదు, పొర మరీ చిక్కనైందని అర్థం.

పెద్ద పరికరాలకు ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏముందో చూసి స్లాటు అడగవచ్చు. వెళ్లేటప్పుడు అదే పెట్టెలోని ఖాళీ గాజు పలకను, కణాలు లేని మాధ్యమం పొరను కూడా వెంట తీసుకెళ్లండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసమైతే, గాజు విద్యుదావేశం పట్టి చిత్రం చెదిరిపోతుంది కాబట్టి చాలామంది సిలికాన్ ముక్క మీద జంట నమూనా వేసి దాన్ని చూపిస్తారు. అలా చేయవచ్చు గానీ సిలికాన్ మీద బంగారం ముడుచుకునే తీరు, గాజు మీద ముడుచుకునే తీరు ఒకటి కాదు. సిలికాన్ చిత్రంలో కొలిచిన కణ వ్యాసాన్ని గాజు మీది స్పెక్ట్రమ్ పక్కన రాసేటప్పుడు, ఏది ఏ పలక మీదిదో పట్టికలోనే స్పష్టంగా రాయండి.